√25 అంటే 5 ఒక్కటేనా, −5 కూడానా? ± ఎక్కడ పెట్టాలి?

అంకెలతోట (ప్రశ్న)

వర్గమూలం దగ్గర ధన, రుణ గుర్తుల సంగతి ఒక్కచోట తేల్చుకుందామని అడుగుతున్నాను. x² = 25 అయితే x = ±5 అని రాయాలి. √25 అడిగితే మాత్రం 5 అనే రాయాలి, ±5 అని రాస్తే తప్పు. 5 వర్గం ఎంతో −5 వర్గమూ అంతే కదా, మరి ఒకచోట రెండు జవాబులు, ఇంకోచోట ఒక్కటే ఎందుకు?

దీన్ని అంటిపెట్టుకుని ఇంకో నాలుగు ఉన్నాయి.

1. √((a − 3)²) ని a − 3 అని సూక్ష్మీకరించవచ్చా?
2. √(x + 7) = x − 5 సాధిస్తే x = 9, x = 2 వస్తాయి. పుస్తకంలో జవాబు 9 ఒక్కటే. ఆ 2 ఏ మెట్టులో దూరింది?
3. వర్గ సమీకరణం సూత్రంలో √ ముందు ± ఎందుకు ఉంది? √ లోనే రెండు గుర్తులూ ఉంటే సరిపోదా?
4. రుణ మూలాన్ని కొన్ని లెక్కల్లో ఉంచుతారు, కొన్నింట్లో కొట్టేస్తారు. దేన్ని బట్టి?

"అలా అనుకున్నారు, అంతే" అని కాకుండా, ఏ మెట్టులో ఏం జరుగుతోందో చెప్పండి.

---

కరణి

ఒకే మాటతో మనం రెండు ప్రశ్నలు అడుగుతుంటాం. చిక్కంతా అక్కడే.

మొదటిది: ఏయే సంఖ్యల వర్గం 25? జవాబులు రెండు, 5, −5. "25కి వర్గమూలాలు ఎన్ని?" అని మాటల్లో అడిగినా రెండు అనే చెప్పాలి.

రెండోది: √25 విలువ ఎంత? ఇక్కడ √ గుర్తు నిర్వచనంలోనే ఒక షరతు ఉంది. a సున్నా గానీ ధన సంఖ్య గానీ అయినప్పుడు, వర్గం చేస్తే a వచ్చేదీ, తాను రుణం కానిదీ అయిన సంఖ్యను √a అంటాం. దీనికే ప్రధాన వర్గమూలం అని పేరు. రెండో మూలం కావాలంటే మైనస్ బయట పెట్టి −√25 అని రాసుకోవాలి. కాబట్టి √25 = 5, −√25 = −5, రెండూ కలిపి చెప్పాలంటే ±√25. ఇక √(−25) వాస్తవ సంఖ్యల్లో లేనే లేదు. −√25 కీ √(−25) కీ తేడా చూడకపోవడం చాలా తరచుగా కనిపించే తప్పు. మైనస్ రూట్ బయట ఉందా లోపల ఉందా అన్నది ముందు చూసుకోవాలి.

ఆ షరతు తీసేస్తే ఏమవుతుందో ఒక్క లెక్క చేసి చూడండి. √9 అంటే 3 గానీ −3 గానీ, √16 అంటే 4 గానీ −4 గానీ అనుకుందాం. అప్పుడు √9 + √16 కి 7, −1, 1, −7 అని నాలుగు విలువలు వస్తాయి. √25 − √25 ఇంకా ఘోరం: 0 రావచ్చు, 10 రావచ్చు, −10 కూడా రావచ్చు. ఒక రాశిలోంచి అదే రాశిని తీసేస్తే సున్నా మిగులుతుందన్న నమ్మకమే పోతే ఆ గుర్తుతో ఏ లెక్కా చెయ్యలేం. గ్రాఫు గీసినా ఇదే కనిపిస్తుంది. y² = x గీస్తే కుడివైపుకు తెరుచుకున్న పరావలయం వస్తుంది; x = 4 దగ్గర నిలువు గీత గీస్తే అది వక్రాన్ని (4, 2), (4, −2) దగ్గర రెండుసార్లు తాకుతుంది. ఒకే x కి రెండు y లు వచ్చాయి, అంటే అది ప్రమేయం కాదు. y = √x అంటే ఆ పరావలయంలో పై సగం, y = −√x అంటే కింది సగం. రెండింటికీ కలిసే చోటు సున్నా ఒక్కటే.

ఇప్పుడు x² = 25 లో రెండో జవాబు ఎక్కడి నుంచి వస్తోంది? √ నుంచి రావడం లేదు, సమీకరణం నుంచి వస్తోంది. రూట్ గుర్తు ముట్టుకోకుండానే దీన్ని సాధించవచ్చు:

x² − 25 = 0
(x − 5)(x + 5) = 0

రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటైనా సున్నా కావాలి. కాబట్టి x = 5 లేదా x = −5. మూడో దారి లేదు. "x = ±5" అన్నది ఈ రెండు వాక్యాలకు పొట్టి రూపం, అంతకు మించి దానిలో ఏమీ లేదు. మధ్యలో "లేదా" ఉందని మాత్రం మరిచిపోకూడదు. x ఒకేసారి 5, −5 రెండూ అయి కూర్చోదు.

రూట్ తీసే పద్ధతిలో చేస్తే మెట్లు ఇవి:

x² = 25
√(x²) = √25
|x| = 5
x = 5 లేదా x = −5

అందరూ ఎగరగొట్టేది మూడో వరుసనే. √(x²) కి విలువ x కాదండి, |x|, అంటే గుర్తు వదిలేసిన x విలువ. ఇది ఒక్కటి చేతికి వస్తే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతట అవే విడిపోతాయి. x = −4 తీసుకోండి. x² = 16, √16 = 4. మొదలుపెట్టింది −4 తో, తేలింది 4. వర్గం చేసినప్పుడు మైనస్ చెరిగిపోయింది, రూట్ తీస్తే అది తిరిగి రాదు. అందుకే x ≥ 0 అయితే √(x²) = x, x < 0 అయితే √(x²) = −x. ఈ "−x" చూసి రుణ సంఖ్య అని భయపడతారు. x యే రుణమైతే −x ధనమే: x = −4 అయితే −x = 4.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. √((a − 3)²) = |a − 3|. a ≥ 3 అని లెక్కలో ఇస్తే a − 3 అని రాయండి, a < 3 అని ఇస్తే 3 − a అని రాయండి, ఏమీ ఇవ్వకపోతే నిలువు గీతలతోనే వదిలెయ్యండి. అక్షరాలు లేని లెక్కల్లోనూ ఇది దెబ్బ కొడుతుంది. √(3 − 2√2) సూక్ష్మీకరించమంటే, 3 − 2√2 = (1 − √2)² అని సరిగ్గానే గుర్తుపట్టి, జవాబు 1 − √2 అని రాసేస్తారు. √2 సుమారు 1.414, కాబట్టి 1 − √2 సుమారు −0.414. రూట్ విలువ రుణం కాలేదు. జవాబు √2 − 1.

నిలువు గీతలు ఎప్పుడు అక్కర్లేదో కూడా చెప్పాలి, లేకపోతే అన్నిచోట్లా పెట్టేస్తారు. √(x⁴) = x², ఎందుకంటే x² ఎలాగూ రుణం కాదు. √(x⁶) = |x³|, ఇక్కడ గీతలు తప్పనిసరి. √(x³) = x√x, గీతలు వద్దు; x రుణమైతే x³ కూడా రుణమై రూటే ఉండదు కాబట్టి x ≥ 0 అన్నది ముందే ఖాయమైపోయింది. √(18x²) అయితే 3√2·|x|.

ఘాతాంకాల్లో రాసినా తప్పించుకోలేం. (x²) కి 1/2 ఘాతం వేసి, 2 ని 1/2 తో గుణించి "x వచ్చింది" అంటారు. ఘాతాంకాలను గుణించే ఆ సూత్రం భిన్న ఘాతాంకాలకు వర్తించాలంటే ఆధారం రుణం కాకూడదు.

---

వక్రరేఖ

రెండో ప్రశ్న నేను అందుకుంటాను. ముందు లెక్క పూర్తిగా వేద్దాం.

√(x + 7) = x − 5
ఇరువైపులా వర్గం: x + 7 = x² − 10x + 25
x² − 11x + 18 = 0
(x − 9)(x − 2) = 0

x = 9 ని మొదటి వరుసలో పెడితే ఎడమవైపు √16 = 4, కుడివైపు 9 − 5 = 4. సరిపోయింది. x = 2 పెడితే ఎడమవైపు √9 = 3, కుడివైపు 2 − 5 = −3. సరిపోలేదు.

2 దూరింది వర్గం చేసిన మెట్టులో. A = B అయితే A² = B² కచ్చితంగా అవుతుంది. వెనక్కి రావడం మాత్రం కుదరదు: A² = B² అయితే A = B గానీ A = −B గానీ కావచ్చు. అంటే వర్గం చేసిన క్షణంలో మన సమీకరణంతో పాటు −√(x + 7) = x − 5 అనే ఇంకో సమీకరణం కూడా కలిసిపోయింది. 2 దానికి అసలైన సాధనే. ఎడమవైపు −3, కుడివైపు −3. మనం అడగని ప్రశ్నకు అది జవాబు.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. √ ఎప్పుడూ రుణం కాదు కనుక కుడివైపు ఉన్న x − 5 కూడా రుణం కాకూడదు, అంటే x ≥ 5. ఈ షరతు వర్గం చేసే ముందే పక్కన రాసి పెట్టుకుంటే 2 కనబడగానే కొట్టెయ్యొచ్చు. √(2x + 3) = −4 లాంటిది ఇస్తే అసలు పెన్ను కదపనక్కర్లేదు; ఎడమవైపు రుణం కాలేదు, సాధన లేదు. అది గమనించకుండా వర్గం చేస్తే 2x + 3 = 16, x = 6.5 అని ఒక అందమైన తప్పు జవాబు వస్తుంది.

అలాగని "రెండు వస్తే ఒకటి కొట్టెయ్యాలి" అని సూత్రం కట్టుకోకండి. ఇది చూడండి:

√(2x + 3) − √(x + 1) = 1
√(2x + 3) = 1 + √(x + 1)
2x + 3 = 1 + 2√(x + 1) + x + 1
x + 1 = 2√(x + 1)
(x + 1)² = 4(x + 1)
(x + 1)(x − 3) = 0

x = 3 పెడితే √9 − √4 = 1, సరే. x = −1 పెడితే √1 − √0 = 1, ఇదీ సరే. రెండూ నిలబడతాయి. "రుణం కాబట్టి −1 చెల్లదు" అనేవాళ్ళు ఇక్కడ మార్కు పోగొట్టుకుంటారు. రుణం కాకూడనిది రూట్ లోపలి రాశి, రూట్ విలువ, x కాదు. నాలుగో వరుసలో ఇరువైపులా √(x + 1) తో భాగించేసేవాళ్ళకు కూడా −1 చేజారిపోతుంది, ఎందుకంటే ఆ విలువ దగ్గర √(x + 1) సున్నా. సున్నాతో భాగించాం.

ఇక దీనికి సరిగ్గా ఎదురు తప్పు. వర్గం చేస్తే లేని సాధనలు వచ్చి చేరతాయి. ± లేకుండా రూట్ తీస్తే ఉన్న సాధనలు పోతాయి. (x − 2)² = 9 లో x − 2 = 3 అని రాసి x = 5 తో ఆపేస్తే −1 పోయింది. వచ్చి చేరినదాన్ని ప్రతిక్షేపించి పట్టుకోవచ్చు. పోయినదాన్ని ఏ సరిచూడటమూ పట్టుకోదు, ఎందుకంటే చేతిలో ఉన్న 5 సరైనదే కదా. నా దృష్టిలో రెండో తప్పే ఎక్కువ ప్రమాదం.

రెండువైపులా వర్గాలుంటే ± ఎన్నిచోట్ల పెట్టాలని కూడా అడుగుతుంటారు. (2x − 1)² = (x + 4)² తీసుకుంటే |2x − 1| = |x + 4|. గుర్తుల జతలు నాలుగు వస్తాయి గానీ, రెండువైపులా మైనస్ పెట్టడం అంటే రెండువైపులా ప్లస్ పెట్టినట్టే. అందుకని ఒక్కవైపు ± చాలు: 2x − 1 = x + 4 నుంచి x = 5; 2x − 1 = −x − 4 నుంచి x = −1. సరిచూస్తే మొదటిదానికి రెండువైపులా 81, రెండోదానికి రెండువైపులా 9.

---

అంకెలతోట

ఇద్దరికీ ధన్యవాదాలండి. |x| వరుస ఎగిరిపోవడం వల్లే ± ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపిస్తోందని ఇప్పుడు అర్థమైంది. అసమీకరణాల్లో కూడా ఇదే దారేనా? x² < 9 అంటే x < ±3 అని రాసినవి చూశాను. మూడు, నాలుగు ప్రశ్నలు ఇంకా మిగిలాయి.

---

శేషం_సున్నా

అసమీకరణం ముందు. "x < ±3" అనే రాతకు అర్థం లేదు. x అటు 3 కంటే, ఇటు −3 కంటే తక్కువ అనుకుంటే −10 కూడా సరిపోవాలి, కానీ −10 వర్గం 100. అదే |x| దారిలో వెళ్ళండి. x² < 9 అంటే |x| < 3, సున్నా నుంచి దూరం 3 లోపు, కాబట్టి −3 < x < 3. x² > 9 అంటే |x| > 3, కాబట్టి x > 3 లేదా x < −3. మొదటిది ఒకే అంతరం, రెండోది రెండు ముక్కలు. ± గుర్తు = పక్కన బాగుంటుంది, < పక్కన పెట్టకండి.

మూడో ప్రశ్న. సూత్రం ఎలా వచ్చిందో చూస్తే ± ఎందుకుందో తెలుస్తుంది. ax² + bx + c = 0 ని వర్గం పూర్తి చేసి రాస్తే

(x + b/2a)² = (b² − 4ac)/4a²

ఇక్కడి నుంచి రూట్ తీస్తే ఎడమవైపు |x + b/2a| వస్తుంది. ఆ నిలువు గీతలు విప్పినప్పుడు పుట్టిందే ±. రూట్ గుర్తులోనే రెండు విలువలూ ఉండి ఉంటే ముందు ± పెట్టే అవసరమే లేదు. సూత్రంలో అది ఉండటమే √ కి ఒక్క విలువే అనడానికి సాక్ష్యం.

ఈ మెట్టులో ఒక చిన్న విషయాన్ని పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. కుడివైపు హారం √(4a²). కరణి గారు చెప్పినదాని ప్రకారం అది 2|a| కావాలి, సూత్రంలో మాత్రం 2a అని ఉంటుంది. ఇది తప్పు కాదు. b² − 4ac ని D అందాం. a రుణమైతే |a| = −a, అప్పుడు ±√D/2|a| కాస్తా ∓√D/2a అవుతుంది; వచ్చే రెండు సంఖ్యలూ అవే, వరుస మాత్రం తారుమారు. ± ముందే ఉంది కాబట్టి ఆ మైనస్ అందులో కలిసిపోయింది.

తారుమారు అంటే ఏమిటో ఒక లెక్కలో చూద్దాం. −x² + 2x + 3 = 0 లో a = −1, b = 2, c = 3. విచక్షణి D = 4 + 12 = 16. x = (−2 ± 4)/(−2). ప్లస్ తీసుకుంటే 2/(−2) = −1, మైనస్ తీసుకుంటే −6/(−2) = 3. "ప్లస్ పెడితే పెద్ద మూలం వస్తుంది" అని గుడ్డిగా నమ్మితే ఇక్కడ బోల్తా పడతారు. a ధనమైనప్పుడే అది నిజం. D = 0 అయితే ప్లస్సైనా మైనస్సైనా ఒకటే, మూలం ఒక్కటే తేలుతుంది.

నాలుగో ప్రశ్నకు జవాబు లెక్క ఇచ్చిన షరతుల్లో వెతకాలి, అలవాటులో కాదు. "రెండు సంఖ్యల భేదం 3, లబ్ధం 40" అంటే x(x + 3) = 40, x² + 3x − 40 = 0, (x − 5)(x + 8) = 0. x = 5 అయితే జత 5, 8. x = −8 అయితే జత −8, −5; వీటి భేదమూ 3, లబ్ధమూ 40. సంఖ్యలు అన్నారు గానీ ధన సంఖ్యలు అనలేదు, కాబట్టి రెండు జతలూ రాయాలి. అదే సమీకరణం "దీర్ఘచతురస్రం పొడవు వెడల్పు కంటే 3 ఎక్కువ, వైశాల్యం 40" అన్న లెక్క నుంచి వస్తే −8 చెల్లదు, వెడల్పు రుణం కాదు గనుక.

కాలం విషయంలో కొంచెం ఆగి చూడాలి. 15 మీటర్ల ఎత్తు నుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. ఎత్తు = 15 + 10t − 5t². నేలను తాకినప్పుడు ఎత్తు సున్నా: t² − 2t − 3 = 0, t = 3 లేదా t = −1. విసిరింది t = 0 దగ్గర కాబట్టి −1 ని వదిలేస్తాం, జవాబు 3 సెకన్లు. −1 కి కూడా అర్థం లేకపోలేదు: బంతి ఇదే దారిలో నేల మీద నుంచే బయలుదేరి ఉంటే, మనం గడియారం మొదలుపెట్టడానికి ఒక సెకను ముందు అది నేల మీద ఉండేదన్నమాట. ఆ కాలానికి మన సమీకరణం వర్తించదు, అందుకే కొట్టేస్తున్నాం. కొట్టేసినప్పుడు కారణం ఒక వాక్యంలో రాయండి.

త్రికోణమితిలో గుర్తును పాదం నిర్ణయిస్తుంది. సైన్ θ = 3/5, θ రెండో పాదంలో ఉంది అంటే కాస్²θ = 1 − 9/25 = 16/25, కాస్ θ = −4/5. ఇక్కడ ధన మూలాన్నే కొట్టేశాం చూశారా. "ఎప్పుడూ రుణమే పోతుంది" అనే ఊహకు ఇది విరుగుడు.

---

వక్రరేఖ

చరిత్ర గురించి ఒక్క ముక్క. ధన సంఖ్యకు మూలాలు రెండు, ధనమూ రుణమూ అనీ, రుణ సంఖ్య దేనికీ వర్గం కాదు కాబట్టి దానికి మూలం లేదనీ భాస్కరాచార్యులు 12వ శతాబ్దంలోనే బీజగణితంలో స్పష్టంగా చెప్పారు. √ గుర్తు అచ్చులో కనిపించింది 1525లో, క్రిస్టోఫ్ రుడాల్ఫ్ జర్మన్ భాషలో రాసిన పుస్తకంలో. పైన గీత కలిపి రాయడం 1637లో డెకార్ట్ చేశాడు. అంటే "మూలాలు రెండు" అన్న విషయం గుర్తు కంటే దాదాపు నాలుగు వందల ఏళ్ళు పాతది. గుర్తు పుట్టాక అందులో ఒకదానికి పేరు పెట్టుకున్నాం, రెండోది ఎక్కడికీ పోలేదు.

---

అంకెలతోట

ఇంకొకటి. √a × √b = √(ab) కదా. √(−4) × √(−9) = √36 = 6 అంటే ఎక్కడ తప్పు? ఘనమూలాలకు ± ఎందుకు ఉండదో కూడా చెప్పండి.

---

కరణి

ఆ సూత్రం పక్కన ఒక షరతు ఉంటుంది: a, b రెండూ రుణం కాకూడదు. రుజువు చూస్తే ఎందుకో తెలుస్తుంది. √a, √b రెండూ రుణం కాని వాస్తవ సంఖ్యలైతే వాటి లబ్ధం కూడా రుణం కాదు, ఆ లబ్ధం వర్గం ab. వర్గం ab, తాను రుణం కాదు, కాబట్టి నిర్వచనం ప్రకారం అది √(ab). "రుణం కాదు" అన్న ఆధారం మీదే రుజువు నిలబడింది. వర్గం −1 అయ్యే సంకీర్ణ సంఖ్యను i అంటాం, కాబట్టి √(−4) = 2i, √(−9) = 3i. వీటి లబ్ధం 6i² = −6. √36 అయితే 6. సంకీర్ణ సంఖ్యల్లో ముందు i బయటికి తీసి, తర్వాతే గుణించాలి. 1 = √1 = √((−1)(−1)) = √(−1) × √(−1) = −1 అని నిరూపించినట్టు కనిపించే మాయ రుజువులో కూడా కుప్పకూలేది మూడో సమానం దగ్గరే.

i, −i లలో ఏది ధనం అని అడగకండి. సంకీర్ణ సంఖ్యల్లో ధన, రుణ అనే విభజన లేదు. అందుకే అక్కడ ప్రధాన మూలాన్ని వేరే నియమంతో ఎంచుకుంటారు: వాస్తవ భాగం ధనమైనది, వాస్తవ భాగం సున్నా అయితే కల్పిత భాగం ధనమైనది.

ఘనమూలం సంగతి తేలిక. మైనస్‌ను మూడుసార్లు గుణిస్తే మైనస్సే మిగులుతుంది, గుర్తు చెరిగిపోదు. 2³ = 8, (−2)³ = −8, రెండూ వేర్వేరు. కాబట్టి x³ = 8 కి వాస్తవ సాధన 2 ఒక్కటే, x³ = −8 కి −2 ఒక్కటే. సరి ఘాతాలన్నీ వర్గంలాగా నడుస్తాయి (x⁴ = 16 అయితే x = ±2), బేసి ఘాతాలన్నీ ఘనంలాగా నడుస్తాయి.

---

కోడ్‌గూడు

యంత్రాల దగ్గర వచ్చే చిక్కులు నా వంతు.

కాలిక్యులేటర్‌లో √ మీట ప్రధాన మూలాన్ని మాత్రమే ఇస్తుంది. x² = 7 సాధిస్తూ మీట నొక్కితే 2.6457513 వస్తుంది, −2.6457513 మీరే రాసుకోవాలి. పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లోని వర్గమూలం ఫంక్షన్ కూడా అంతే, లోపల రుణ సంఖ్య పెడితే వాల్యూ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. సంకీర్ణ జవాబు కావాలంటే సీమ్యాథ్ మాడ్యూల్ వాడాలి.

వర్గం చేసేటప్పుడు బ్రాకెట్ తప్పనిసరి. గణిత రాతలో −3² అంటే −9, ఎందుకంటే ముందు వర్గం, తర్వాత మైనస్. పైథాన్ కూడా −9 అనే చెబుతుంది. ఎక్సెల్‌లో =-3^2 అని కొడితే మాత్రం 9 వస్తుంది; అక్కడ మైనస్‌ను సంఖ్యకు ముందే అంటించేస్తారు. (−3)² అని బ్రాకెట్ పెడితే ఎక్కడైనా 9 యే. సాధనను ప్రతిక్షేపించి సరిచూసేటప్పుడు, రుణ మూలం సరిపోలేదని అనిపిస్తే ముందు ఈ బ్రాకెట్ చూడండి.

వర్గ సమీకరణం సూత్రంలో ± ఏ వైపు ముందు తీసుకోవాలన్నది కూడా యంత్రంలో ముఖ్యమే. x² − 50x + 1 = 0 తీసుకోండి. D = 2496, √D = 49.95998... మూడు సార్థక అంకాలకు కుదిస్తే 50.0. ఇప్పుడు చిన్న మూలం (50 − 50.0)/2 = 0 అని వస్తుంది. పెడితే 1 = 0! దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేస్తే ముందున్న అంకెలన్నీ రద్దయిపోయి, మిగలాల్సిన అంకెలు కుదింపులో ముందే పోయి ఉండటం వల్ల ఇలా జరుగుతుంది. మందు ఏమిటంటే, −b గుర్తు ఏదైతే √ ముందు కూడా అదే గుర్తు తీసుకుని, కూడిక జరిగే మూలాన్ని ముందు కట్టాలి: (50 + 50.0)/2 = 50.0. మూలాల లబ్ధం c/a కాబట్టి రెండోది 1/50.0 = 0.0200. అసలు విలువ 0.020008. అవే మూడు అంకెలతో పనిచేస్తూ సున్నా బదులు సరైన జవాబు వచ్చింది. కంప్యూటర్ 15, 16 అంకెలు పట్టుకుంటుంది కనుక ఈ లెక్కలో నష్టం కనిపించదు గానీ, b కోట్లలో ఉండి a, c ఒకట్లలో ఉంటే అక్కడా ఇదే జరుగుతుంది.

---

అంకెలతోట

ఆఖరుది. √(x²) = −x అనే సమీకరణం ఒకటి కనిపించింది. ఎడమవైపు రుణం కాదు, కుడివైపు మైనస్ ఉంది. √(2x + 3) = −4 లాగే దీనికీ సాధన లేదనుకోవచ్చా?

---

కరణి

లేదండి, దీనికి సాధనలు అనంతం. −4 లో ఉన్న మైనస్, −x లో ఉన్న మైనస్ ఒకటి కావు. −4 ఎప్పుడూ రుణమే. −x గుర్తు x మీద ఆధారపడుతుంది. ఎడమవైపు |x|, కాబట్టి సమీకరణం |x| = −x. x ≤ 0 అయిన ప్రతి సంఖ్యకూ ఇది నిజం, ధన సంఖ్య దేనికీ కాదు. x = −6 పెట్టండి: ఎడమవైపు √36 = 6, కుడివైపు −(−6) = 6. x = 6 పెడితే ఎడమవైపు 6, కుడివైపు −6.